కుట్టింది, కుట్టించింది

తెలుగులో ఒక రచనను తిట్టాలంటే 'అతుకుల బొంత' అంటే చాలు. అక్కడొక ముక్క, ఇక్కడొక ముక్క తెచ్చి కలిపారని, ఐక్యత లేదని అర్థం. సంకీర్ణ ప్రభుత్వాల మీద పత్రికలు పెట్టే శీర్షికల్లోనూ ఇదే మాట. నా పరిశోధన గ్రంథం మొదటి ప్రతి చదివిన ఒక పెద్దాయన కూడా పక్కన ఖాళీలో ఈ రెండు మాటలే రాశారు. స్త్రీల కథలు, ఉత్తరాలు, పాటలు, వంటింటి మాటలు అన్నీ ఒకచోట చేర్చడం ఆయనకు పద్ధతిగా తోచలేదు. నాకు చాలా కోపం వచ్చింది. మన భాషలో ఆడవాళ్ళు చేసే ఒక మంచి పని తిట్టుగా ఎందుకు మారిందన్న ప్రశ్న ఆ కోపంలోంచే పుట్టింది. మా ఇంటి బొంత వైపు నేను మళ్ళీ చూసింది కూడా అప్పుడే.

ఆ చూపులో నేను చేసిన తప్పు గురించి ఈ వ్యాసం.

మాది సూర్యాపేట దగ్గర ఒక ఊరు. ఇప్పుడు సూర్యాపేట జిల్లా, 2016కు ముందు నల్లగొండ జిల్లా. పెద్ద దొరలం కాదు గానీ భూములున్న కులం. మా నాయనమ్మ 2011లో పోయింది. దినాలయ్యాక ఆమె సందుగ తెరిచారు. వెండి కడియాలు అత్తకు, ఇత్తడి బిందెలు బాబాయి వాళ్ళకు, రెండు పట్టుచీరలు అమ్మకు. అడుగున వేపాకుల పొడి మధ్య మడత పెట్టి ఉన్న బొంత ఎవరికీ అక్కర్లేకపోయింది. ఇళ్ళల్లోకి పరుపులు, సోలాపూర్ చద్దర్లు వచ్చి అప్పటికే చాలా ఏళ్ళయింది. "పశువుల కొట్టంల పరవండ్రి" అన్నారెవరో. నేను తెచ్చుకున్నాను. హైదరాబాదులో నా రెండు గదుల ఇంట్లో గోడకు వేలాడదీశాను. కింద చిన్న అట్ట మీద 'కుట్టినవారు: మా నాయనమ్మ' అని రాసి పెట్టాను.

2022లో ఒక సదస్సులో ఈ బొంత మీద పత్రం చదివాను. మూడు మాటలు చెప్పాను. అక్షరం రాని మా నాయనమ్మ రాసుకున్న ఆత్మకథ ఈ బొంత అన్నది మొదటిది. దీనిలో రెండు చేతుల కుట్టు కనిపిస్తుంది, సమంగా ఉన్నది నాయనమ్మది, వంకరగా పోయింది నేర్చుకుంటున్న కూతురిది, కాబట్టి తల్లి నుంచి కూతురికి అందిన విద్యకు ఇది సాక్ష్యం అన్నది రెండోది. మధ్యలో ఉన్న ఎర్రని ముక్క తెలంగాణ సాయుధ పోరాటం నాటి జెండా గుడ్డ అన్నది మూడోది. మా నాన్న చిన్నప్పుడు విన్న కథ అది. దళం వాళ్ళు ఒక రాత్రి మా ఇంట్లో తలదాచుకున్నారని, పోలీసులు వస్తున్నారని తెలిసి జెండాను బొంతలో పెట్టి కుట్టేశారని. సభలో చప్పట్లు కొట్టారు. ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను.

ఆ మూడు మాటల్లో ఒక్కటీ నిజం కాదు.

*

బొంతను కళగా చూడమని అడగటంలో తప్పు లేదు. ఇప్పటికీ అడుగుతాను. సంస్కృతంలో 'కంథ' అంటే పాత గుడ్డలు కలిపి కుట్టిన బట్ట. బెంగాలీ 'కాంథా' ఆ మాటకు బంధువే. బౌద్ధ భిక్షువులు దుమ్ములో పడేసిన పేలికలు ఏరి కుట్టుకున్న చీవరాన్ని పాంసుకూలం అన్నారు. మగవాడు విరాగంతో భుజాన వేసుకుంటే అది కంథ, తత్త్వం. అదే పనిని ఆడది పసిపిల్ల కింద పరవడానికి చేస్తే బొంత, తిట్టు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో భూమిక పాఠకులకే కాదు, ఏ స్త్రీకీ విడమరిచి చెప్పక్కర్లేదు.

దేశమంతటా ఈ పని ఉంది. మహారాష్ట్రలో గోధడి, బీహారులో సుజని, రాజస్థాన్, సింధుల్లో రల్లీ, ఉత్తర కన్నడ జిల్లాలో సిద్ధీ స్త్రీలు కుట్టే కవంది. పేర్లు వేరు, పని ఒకటే. కట్టి కట్టి మెత్తబడిన బట్టను పారేయకుండా పొరలు పొరలుగా పేర్చి, మళ్ళీ ఒక బట్ట చేయడం. కోల్‌కతా గురుసదయ్ మ్యూజియం సేకరణలో పందొమ్మిదో శతాబ్దపు కాంథా ఒకటుంది. మానదాసుందరి అనే ఆమె తండ్రి కోసం కుట్టి, తన పేరును కూడా అందులోనే దారంతో రాసింది. అమెరికాలో బానిసగా పుట్టిన హ్యారియెట్ పవర్స్ బైబిలు కథలను బొంతగా కుట్టి, కరువు రోజుల్లో 1891లో ఐదు డాలర్లకు అమ్ముకుంది. ఆమె అడిగింది పది. కొన్న తెల్లజాతి స్త్రీ ఆమె చెప్పిన వివరాలు రాసి పెట్టుకోబట్టి ఆ బొమ్మల అర్థం మనకు మిగిలింది. ఆ బొంత ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది.

నా పత్రంలో ఈ ఇద్దరి పక్కన మా నాయనమ్మను కూర్చోబెట్టాను. మానదాసుందరి పేరు రాసుకుంది, పవర్స్ మాటలు ఎవరో రాసుకున్నారు, మా నాయనమ్మ గురించి నేను రాస్తున్నాను అన్నాను. ఈ వరసలో ఒక ప్రశ్న నాకు తట్టనే లేదు. పవర్స్ అమ్మింది, ఇంకొకామె కొన్నది. మా ఇల్లు ఆ ఇద్దరిలో ఎవరి స్థానంలో ఉంది?

*

పత్రాన్ని ఒక సంకలనంలో వేస్తామని అడిగారు. కాస్త పెంచి ఇద్దామని బొంతను గోడ మీంచి దించి, కొలతలు తీశాను. పొడవు 78 అంగుళాలు, వెడల్పు 54. నిలువునా అర అంగుళానికొక వరస చొప్పున 108 వరసలు. అంగుళానికి సుమారు నాలుగు కుట్లు. లెక్క కడితే 33 వేలు దాటింది. దారం రెండు వందల మీటర్లకు పైనే పట్టి ఉంటుంది. అదీ పైపొర లెక్కే. ఎందుకంటే చిరిగిన ఒక మూల నుంచి చూస్తే లోపల ఇంకో బొంత ఉంది. దాని కుట్లు దానివే. పాత బొంత అరిగిపోతే పారేయరు. దాని మీద కొత్త చీర కప్పి మళ్ళీ కుడతారు. చరిత్రకారులు మట్టి పొరలు తవ్వినట్టు బొంతను కూడా పొరల వారీగా చదవాలన్నమాట.

ఆ చదువు నా ఒక్కదాని వల్ల అయ్యేది కాదు. 2024 వేసవిలో బొంత తీసుకొని అత్త దగ్గరికి వెళ్ళాను. నాన్నకు అక్క. 1949లో, పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు పుట్టింది. ఆమె మంచం మీద బొంత పరిచి, వేలితో ఒక్కో ముక్కనే తడుముతూ చెప్పుకుంటూ పోయింది.

పైన పచ్చ అంచున్నది జనతా చీర. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం వచ్చాక సగం ధరకు ఇచ్చిన జనతా బట్టల్లోది. "ఉతికితే రంగు పోయేది, గని బట్ట గట్టిది" అంది. దాని పక్కన నున్నగా జారే నీలం ముక్క టెర్లిన్. మా తాత చొక్కా. ఆ బట్ట మా ఊళ్ళోకి డెబ్బైలలో వచ్చిందట. "టెర్లిన్ బొంతల ఏస్తే చెమట గుంజదు. అయినా ఏసిన్రు, చినగదని." కింది పొరలో తెల్లని దళసరి గుడ్డ వరంగల్ ఆజంజాహి మిల్లుది. నిజాం కాలంలో, 1934లో పెట్టిన మిల్లు అది. ఇప్పుడు లేదు. దాని పక్కన గరుకుగా ఉన్న ఇంకో తెలుపును 'కంట్రోలు బట్ట' అంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి బట్టల కరువులో బ్రిటిష్ ఇండియాలో 1943లో నూలు, బట్టల మీద కంట్రోలు ఉత్తర్వులు వచ్చాయి. యుద్ధం పోయినా ఆ మాట మా ఊరి ఆడవాళ్ళ నోట మిగిలిపోయింది. ఒంటి మీది చీర ఒక్కటే ఉండి, తడి కొంగు కట్టుకొని మిగతా సగం ఆరబెట్టుకున్న రోజులని అత్త తన తల్లి దగ్గర విన్నదట.

ఇంత బాగా చెబుతున్న అత్తను చూసి నాకు ఉత్సాహం ఆగలేదు. "ఈ వంకర కుట్టు నీదే గదత్తా? నాయనమ్మ దగ్గర నేర్చుకుంటున్నప్పటిది?" అన్నాను.

అత్త నన్ను వింతగా చూసింది. "నాదా? నాకు బొంత కుట్టుడు ఎక్కడొస్తది? అమ్మకు మాత్రం ఎక్కడొచ్చు? అమ్మకు సూదిల దారం ఎక్కియ్యరాదు. మసక కండ్లాయె."

"మరి నాయనమ్మే కుట్టిందని..."

"కుట్టిచ్చింది," అంది అత్త. "మంత్రసాని కుట్టింది. నేను పుట్టినప్పుడు పురుడు పోసినామె. మాదిగోళ్ళ ముసలామె. మన కొట్టం కాడ యాపచెట్టు కింద కూసోని కుట్టేది, ఎండకాలం పనుల్లేనప్పుడు. నాలుగు దినాలు పట్టేది."

"ఇంట్లో కూచోని కాదా?"

"ఇంట్ల కెట్లొస్తది?" అత్త గొంతులో ఏ మార్పూ లేదు. వాన పడితే తడుస్తాం అన్నంత మామూలుగా చెప్పింది. "కుట్టుడయినంక అరుగు మీద ఏసి పోయేది. అమ్మ పసుపు నీళ్ళు చల్లి లోపలికి తెచ్చేది."

*

ఆ రాత్రి నేను పాత రికార్డింగు వెతికాను. 2010లో ఎం.ఏ. చదివేటప్పుడు నాయనమ్మ మాటల్ని ఫోనులో రికార్డు చేసి, కూర్చొని రాసుకున్నాను. నా నోటుపుస్తకంలో ఇలా ఉంది: 'నీ అత్త పుట్టినప్పుడు నేను కుట్టిన బొంత బిడ్డా ఇది.' రికార్డింగు పెట్టి విన్నాను. మళ్ళీ విన్నాను. నాయనమ్మ చాలా స్పష్టంగా అంటోంది, 'నేను కుట్టిచ్చిన బొంత.'

నాయనమ్మ అబద్ధం చెప్పలేదు. నేనే సరిగ్గా వినలేదు. ఒక్క అక్షరం. మన భాషలో ఆ ఒక్క అక్షరం ఎంత పని చేస్తుందో సాహిత్యం చదువుకున్న నాకు తెలియాలి. వండటం, వండించటం. దున్నటం, దున్నించటం. రాజు గుడి కట్టించాడు, చెరువు తవ్వించాడు. శాసనాల నిండా ఈ 'ఇంచు'లే. రెండు తరాలు గడిచేసరికి కట్టించాడు కాస్తా కట్టాడవుతుంది. 'కుట్టించింది' అన్నప్పుడు కనీసం ఇంకెవరో ఉన్నారన్న జాడ మిగులుతుంది. 'కుట్టింది' అన్న క్షణాన ఆ మనిషి మొత్తంగా మాయమవుతుంది. ఆ మాయం చేసే పనిని మా ఇంట్లో ఏ మగవాడూ చేయలేదు. స్త్రీల అదృశ్య శ్రమను వెలికితీస్తున్నాననుకున్న పరిశోధకురాలిని, నేనే చేశాను.

*

ఆ మంత్రసాని ఎప్పుడో పోయింది. మనవరాలు ఊళ్ళోనే ఉంది. మర్నాడు బొంత భుజాన వేసుకొని వెళ్ళాను. అత్త కూడా వస్తానంది గానీ వద్దన్నాను. అత్త ఆమెను 'ఏమే' అని పేరు పెట్టి పిలుస్తుంది. ఆమెకు అరవైకి దగ్గర. నన్ను చూసి లేచి నిలబడబోయింది. "కూచో చిన్నమ్మా" అన్నాను. ఆమె నవ్వింది. "చిన్నమ్మ నెప్పటిసంది అయిన?" అంది. నాకు జవాబు దొరకలేదు.

బొంత చూపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఒక అంచు పట్టుకొని వెలుగు వైపు తిప్పి, వంకర వరసల మీద వేలు పెట్టింది. "ఇవి నావి" అంది.

జనతా చీరతో పైపొర వేసిన ఏడు ఆమెకు పదిహేడు, పద్దెనిమిదేళ్ళు. ముసలమ్మకు చూపు తగ్గి, పక్కన కూర్చోబెట్టుకొని నేర్పించిందట. చీరను నేల మీద పరిచి, ముడతలు లేకుండా గుంజి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టాలి. లోపల ముక్కలు పేర్చేటప్పుడు మందం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కాకూడదు. తక్కువైన చోట పడుకుంటే నడుముకు నేల తగులుతుంది. అంచులు ముందు కుట్టి, తర్వాత వరసలు వేయాలి. ఎడమ చెయ్యి బొంత కింద పెట్టి, సూది మొన ఎక్కడ పైకి వస్తుందో వేలితో చూసుకోవాలి. "ఏలు చూడు" అని చూపించింది. ఎడమ చూపుడు వేలి కొసన చర్మం ఇప్పటికీ గట్టిగా ఉంది. "నా వరస వంకర పోతే నాయనమ్మ ఇప్పేది గాదు. ఉండనీ, వాళ్ళేమన్న జూస్తరా, పండుకుంటరు గని, అనేది."

నిజమే. మేం చూడలేదు. చూసిన ఒక్క నేను తప్పుగా చూశాను. సమంగా ఉన్న కుట్లు మా నాయనమ్మవి కావు, ఆమె నాయనమ్మవి. విద్య ఒక తరం నుంచి ఇంకో తరానికి అందింది నిజమే. అది మా ఇంట్లో జరగలేదు, మా వేపచెట్టు కింద జరిగింది.

కూలి ఎంతని అడిగాను. బొంతకు రెండు మానికల జొన్నలు, ఎప్పుడన్నా ఒక పాత రవిక. పురుడుకు ఒక చీర, అదీ మగపిల్లాడయితే. 33 వేల కుట్లకు రెండు మానికల జొన్నలని నా మనసు లెక్క వేసుకుంటూనే ఉంది. లెక్క బయటికి చెప్పలేదు.

చివరికి ఎర్ర ముక్క గురించి అడిగాను. జెండా కథ చెప్పాను. ఆమె ఈసారి గట్టిగా నవ్వింది.

"జెండా ఉంటే మా ఇంట్ల ఉండాలె గని మీ ఇంట్లెందుకుంటది?" అంది. "సంఘంల తిరిగింది మా తాత. మీ తాత గాదు."

ఆ ముక్క సంగతి ఆమె ఇలా చెప్పింది. మొదటిసారి, అంటే అత్త పుట్టినప్పుడు, బొంత సగం అయ్యేసరికి గుడ్డ తక్కువ పడింది. ఇంకో చీర ఇమ్మని ముసలమ్మ అడిగింది. 'ఉన్నకాడికే కుట్టు' అన్నారు ఇంట్లో. ఉన్నకాడికే కుడితే మధ్యలో గుంటపడి పసిపిల్ల వీపుకు నేల తగిలేది. ముసలమ్మ తన చీర కొంగు చింపి వేసింది. పాత బొంత అరిగి మళ్ళీ పైపొర వేసినప్పుడు ఆ చోట ఆ ముక్కను బయటికే ఉంచి చుట్టూ కుట్టించిందట. ఎందుకని అడిగితే మనవరాలు భుజాలు ఎగరేసింది. "నాది గిది అని గావచ్చు. నాకేం జెప్పలే."

*

ఆ రోజు నుంచి ఈ వ్యాసం రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. రాస్తే మళ్ళీ నా ఇంటి బొంత, నా అపరాధ భావం, నా కళ్ళనీళ్ళే మధ్యకు వస్తాయి. రాయకపోతే సదస్సులో చెప్పిన అబద్ధం అలాగే ఉండిపోతుంది. అబద్ధాన్ని సభలో చెప్పాను కాబట్టి దాని దిద్దుబాటు కూడా నలుగురిలోనే జరగాలనిపించింది.

మౌఖిక చరిత్ర మీద నా నమ్మకం స్త్రీశక్తి సంఘటన వాళ్ళ 'మనకు తెలియని మన చరిత్ర' నుంచి వచ్చింది. 1986లో వచ్చిన ఆ పుస్తకం సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని వాళ్ళ నోటితోనే వినిపించింది. నేను పుట్టకముందు వచ్చిన పుస్తకం నాకు దారి చూపించింది. కానీ దాన్ని చదివి నేను నేర్చుకున్నది వినటం కాదని ఇప్పుడు తెలుస్తోంది. నా ఇంట్లో కూడా అలాంటి నాయనమ్మ ఒకామె ఉంటే బాగుండుననే కోరిక మాత్రమే నేర్చుకున్నాను. ఆ కోరికే నా చెవిలో కూర్చొని 'కుట్టిచ్చిన'ను 'కుట్టిన'గా మార్చింది. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన దళిత స్త్రీల సాహిత్య సంకలనం 'నల్లపొద్దు' కూడా నా బల్ల మీదే ఉంది. దాని గురించి తరగతిలో పాఠం చెప్పాను. 'స్త్రీలంతా ఒకటే' అనడంలో ఉన్న మోసం గురించి చెప్పాను. ఇంటి గోడ మీద వేలాడుతున్న బొంత దగ్గరికి వచ్చేసరికి ఆ పాఠం నాకు గుర్తు రాలేదు.

ఆలిస్ వాకర్ 1973లో రాసిన 'ఎవ్రీడే యూజ్' కథ మనలో చాలామంది చదివిందే. చదువుకొని పట్నం నుంచి వచ్చిన కూతురు అమ్మమ్మ బొంతల్ని గోడకు తగిలించుకోవడానికి అడుగుతుంది. తల్లి వాటిని ఊళ్ళోనే ఉండి, వాడుకొనే చెల్లెలికి ఇస్తుంది. నన్ను నేను ఆ పట్నం కూతురిగా పోల్చుకొని కొన్నాళ్ళు నొచ్చుకున్నాను. తర్వాత అనిపించింది, ఆ పోలిక కూడా నాకు అనుకూలమైనదే. ఆ కథలో బొంతలు కుట్టింది ఆ పిల్ల అమ్మమ్మ, పెద్దమ్మ. వాళ్ళది ఇంటి తగువు. నాది కూలి తగువు. అలబామాలోని గీస్ బెండ్ ఊరి నల్లజాతి స్త్రీల బొంతలు 2002లో పెద్ద మ్యూజియంలలో ప్రదర్శనకు వచ్చి ప్రపంచమంతా పొగిడాక, 2007లో వాళ్ళలో కొందరు తమకు రావలసినది రాలేదని కోర్టుకు వెళ్ళారు. నాకు సరిపోయే ఉదాహరణ అది. కళ అని మెచ్చుకోవడం వేరు, బాకీ తీర్చడం వేరు.

నాయనమ్మ మీద నాకు ప్రేమ తగ్గలేదు. పద్దెనిమిదేళ్ళకో పందొమ్మిదేళ్ళకో మొదటి పురుడు, మసక కళ్ళు, అత్తగారు ఇవ్వని రెండో చీర. 'ఉన్నకాడికే కుట్టు' అన్నది ఆమో, ఆమె అత్తగారో చెప్పగలవాళ్ళు లేరు. ఆ ఇంట్లో ఆమెకూ పెద్దగా చెల్లుబాటు లేదు. కానీ పసుపు నీళ్ళు చల్లిన చెయ్యి మాత్రం ఆమెదే. ఈ రెండు నిజాలనూ పక్కపక్కన పెట్టి కుట్టాలి. ఒకదాన్ని లోపలి పొరలో దాచి ఇంకొకదాన్ని పైన పరిస్తే మళ్ళీ అదే పని చేసినట్టవుతుంది.

వచ్చే ముందు బొంతను ఆమెకే ఇచ్చేస్తానన్నాను. నా భారం దించుకోవడానికే అన్నానని ఆమెకు నాకన్నా ముందే అర్థమైంది. "అప్పుడు కూలి సరిగ ఇయ్యలే. ఇప్పుడు బొంత ఇస్తవా?" అంది. "నాకెందుకది? నువ్వే కప్పుకో. గోడకెందుకు?"

ముసలమ్మ పేరు రాస్తానని చెప్పాను. ఆ మాటకు ఆమె ముఖం మారింది. "రాయకు" అంది. "నువ్వు రాస్తే మీ ఇంటి ముచ్చటల మా నాయనమ్మ పేరు ఉంటది. మా మనుమరాలు డిగ్రీ చదువుతాంది. రాయాలంటే అది రాస్తది, మా ముచ్చటల. అప్పుడు మీ పేర్లు అండ్ల ఉంటయి."

ఒప్పుకున్నాను. ఒప్పుకోవడం తప్ప నాకు వేరే హక్కు లేదు.

సంకలనానికి పాత పత్రం ఇవ్వలేదు. సంపాదకులకు కారణం రాశాను. బొంతను గోడ మీంచి దించాక మళ్ళీ తగిలించలేదు. చలికాలం కప్పుకుంటున్నాను. మధ్యలో ఎక్కడా నేల తగలదు. పాత అట్ట చింపి కొత్తది రాసి బొంతతో పాటే ఉంచాను.

'కుట్టినవారు: మా ఊరి మంత్రసాని, ఆమె మనవరాలు. కుట్టించినవారు: మా నాయనమ్మ. కూలి: రెండు మానికల జొన్నలు. మధ్యలోని ఎర్ర గుడ్డ కుట్టినామెది. ఆమె పేరు నాకు తెలుసు, రాయడానికి అనుమతి లేదు.'